నేలమీది బరువు, మన నడుము

బలమనగానే మన తెలుగువారికి కోడి రామమూర్తిగారు జ్ఞప్తికి వచ్చెదరు. ఇనుప గొలుసులను తెంచి, ఏనుగును ఱొమ్ముపై నిలిపిన ఆ మహాబలుని కథ పెద్దలు చెప్పగా వినని యిల్లు అరుదు. మేమిప్పుడు చెప్పబోవునది అంతటి అద్భుతము కాదు. నేలమీద పడియున్న బరువును రెండు చేతులతో పట్టి నిటారుగా నిలుచుట, మరల దానిని నేలకు దించుట. ఇంతే. వ్యాయామశాలలలో దీనిని డెడ్ లిఫ్ట్ అందురు. ఏ ఊపును లేక, కదలిక లేక పడియున్న బరువు నెత్తుట గనుక ఆ పేరు వచ్చినది.

చూచుటకు ఇంతకంటె సులభమైన పని లేదు. అందువల్లనే కాబోలు, దీనిని నేర్చుకొనవలెనని యెవరికిని తోచదు. కొన్నియేండ్ల క్రిందట మేము గోడమూలనున్న బియ్యపు సంచిని దూరమునుండియే వంగి, ఒక్క పెట్టున లాగి యెత్తబోతిమి. నడుము పట్టి నాలుగు దినములు మంచము దిగలేకపోతిమి. ఆ సంచి బరువు పట్టుమని పాతిక కిలోలు! వందల కిలోలెత్తువారు కులాసాగా నడచిపోవుచుండగా మాకేల యిట్లయ్యెనను ప్రశ్న మంచముపైననే పుట్టినది. సమాధానము కొరకు వెదకిన కొలది, కథ 19వ శతాబ్దపు అమెరికాకు పోయినది.

బోస్టన్ నగరము చెంత రాక్స్‌బరీ యను ఊర 1834లో జార్జి బార్కర్ విండ్‌షిప్ జన్మించెను. పదునారవ యేట హార్వర్డు విద్యాలయమున చేరునాటికి ఆయన యెత్తు ఐదడుగులు, బరువు నూరు పౌనులు. తోటి విద్యార్థి చేత అవమానము పొంది, బలము సంపాదింపవలెనని పట్టుబట్టెను. వైద్యవిద్యను చదువుచునే తన యింటి పెరటిలో గొయ్యి త్రవ్వి, అందులో పీపా నొకదానిని దింపి, దానిని ఇసుకతోను రాళ్ళతోను నింపి, పైని పిడి యమర్చుకొనెను. తాను దానిపైని నిలిచి, మోకాళ్ళను కొంచెము వంచి, ఆ పీపాను కొన్ని అంగుళములు మాత్రమే లేపెడివాడు. అలవాటైన కొలది బరువును పెంచుచు వచ్చెను.

ఈ గోతిలోని తెలివిని గమనింపవలెను. పీపా క్రిందికి దిగియుండుటచే పిడి చేతికందు ఎత్తున నుండును. నడుమును నేలవరకు వంచ నక్కర లేదు. చేతులతో వెయ్యి పౌనులకు మించియు, భుజములకు పట్టెడలు తగిలించుకొని అంతకు రెండింతలకు మించియు ఆయన యెత్తుటకు ఇదియే రహస్యము. ఊరూర ఉపన్యాసము లిచ్చుచు, బరువులెత్తి చూపెను. 1862 జనవరిలో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో తన సాధన కథను తానే వ్రాసెను. బలమే ఆరోగ్యమని ఆయన మతము. వేలకొలది జనులు నమ్మిరి.

1876లో, నలువదిరెండవ యేట, విండ్‌షిప్ పక్షవాతముతో మరణించెను. బరువులెత్తుట ప్రాణాంతకమని లోకము నిశ్చయించుకొనెను. ఆ సాధనకు ఆదరణ సన్నగిల్లెను. మా యుద్దేశములో ఆయన అభిమానుల నమ్మికవలెనే ఈ తీర్పును తొందరపాటే. బరువే ఆయనను చంపినదని చెప్పుటకు ఆధారము లేదు. కాని బలము పెరిగిన కొలది ఆరోగ్యమును అంతులేక పెరుగునను మాటకును ఆధారము లేకుండెను.

నడుములో నిజముగా ఏమి జరుగునో తెలియుటకు మరి యేబదియెనిమిది సంవత్సరములు పట్టినది. ఆ సంగతి తెలిసినదియు బోస్టనులోనే. 1934లో మిక్స్‌టర్, బార్ అను ఇద్దరు శస్త్రవైద్యులు, వెన్నుపూసల నడుమ నుండు దిండువంటి బిళ్ళ చిట్లి, లోని గుజ్జు వెలికివచ్చి నరమును నొక్కుటచే నడుమునుండి కాలిలోనికి ప్రాకు నొప్పి కలుగవచ్చునని నిరూపించిరి. 1960 తరువాతి దశకమున స్వీడను వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ సజీవులైన మనుష్యుల నడుములోనికి సన్నని సూదిని పంపి, ఆ బిళ్ళలోని ఒత్తిడిని కొలిచెను. 1999లో జర్మనీలోని ఉల్మ్ నగర పరిశోధకులు ఇట్టి కొలతలనే మరల చేసిరి. వారు కొలిచినది ఒక్క మనుష్యుని నడుమునే. అయినను ఆ అంకెలు కన్నులు తెరపించునవి. ఊరక నిలిచియున్నప్పుడు ఒత్తిడి 0.5 మెగాపాస్కలులు. మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా నుంచి 20 కిలోలెత్తినప్పుడు 1.7. అదే బరువును వీపు గుండ్రముగా వంచి యెత్తినప్పుడు 2.3. ఎత్తిన బరువును దేహమున కానించి పట్టుకొనగా 1.1, ఱొమ్మునకు 60 సెంటీమీటర్ల దూరముగా పట్టుకొనగా 1.8. మా బియ్యపు సంచి చేసిన అపరాధము ఇక్కడ బయటపడినది. దోషము పాతిక కిలోలది కాదు, దూరముది.

ఇంతమాత్రమున వంగిన వీపెల్ల విరిగిన వీపని తలంపరాదు. టెనెస్సీ రాష్ట్రపు రైతు బాబ్ పీపుల్స్ 1949లో 700 పౌనులకు, అనగా సుమారు 318 కిలోలకు మించి నేలనుండి యెత్తెను. అప్పుడాయన బరువు ఇంచుమించు 180 పౌనులు. ఆయన యెత్తునప్పుడు వీపు పైభాగము గుండ్రముగనే యుండెడిది. వ్యాయామశాలలో నేటి గురువులు చూచిన కేకలు వేయుదురు. కాని ఆయన సాధనములను స్వయముగా తయారుచేసికొని, ట్రాక్టరు సాయముతో బరువును పైకి లేపించి తాను దించుచు, ఏండ్లకొలది దేహమును మలచుకొనినవాడు. అట్టివాని ఆఖరి యెత్తును చూచి మొదటి దినమున అనుకరించుటయే క్రొత్తవారికి ముప్పు.

పోటీలలో ఈ యెత్తునకు స్థిరమైన రూపము కొంత ఆలస్యముగా వచ్చినది. అంతర్జాతీయ పవర్ లిఫ్టింగ్ సమాఖ్య 1972లో ఏర్పడినది. ఆ పోటీలలోని మూడెత్తులలో చివరిది డెడ్ లిఫ్ట్. పెద్ద చక్రముల అడ్డుకొలత 45 సెంటీమీటర్లు గనుక ఇనుపకడ్డీ నేలకు 22.5 సెంటీమీటర్ల యెత్తున నుండును. ఈ యెత్తును నిర్ణయించినది చక్రమే గాని మన దేహము కాదు. పొడుగు కాళ్ళవారికిని, తొడల వెనుక కండరములు బిగిసియున్నవారికిని అంతవరకు వీపు చెదరక వంగుట కష్టము కావచ్చును. చిన్న చక్రములు తగిలించిన కడ్డీ ఇంకను క్రిందికి దిగును. క్రొత్తవారు చిన్న చక్రములతోనే గదా మొదలుపెట్టుట! కనుక విండ్‌షిప్ గోతిని తిరుగవేసి, కడ్డీకి ఇరువైపుల దిమ్మెలు పెట్టి, మోకాలికి కొంచెము క్రిందుగా నిలుపుట మేలు. వీపు అలవాటు పడిన కొలది దిమ్మెలను తగ్గింపవచ్చును.

కడ్డీ పాదమధ్యమునకు సరిగా పైన నుండవలెను. మోకాళ్ళను సడలించి, పిరుదులను వెనుకకు నెట్టుచు వంగవలెను, నడుమునుండి వంగరాదు. ఊపిరి నిండుగా పీల్చి పొట్టను బిగించి, మొదట చేతులలోని సడలుపోవునంతవరకు మెల్లగా లాగి, పిదప పాదములతో నేలను త్రొక్కుచు లేవవలెను. జర్రున గుంజుట తగదు. కడ్డీ కాళ్ళను రాచుకొనుచు పైకి రావలెను. నిలిచిన పిమ్మట వెనుకకు విరుచుకొనుట మెప్పుకోలు మాత్రమే. దించునప్పుడును అంతే జాగ్రత్త. పని ముగిసినదని మనసు సడలునది అప్పుడే. ఉత్త కడ్డీయే 20 కిలోలు. మొదటి వారములకు అది చాలును. అదియు బరువనిపించిన వెదురుకఱ్ఱతో మొదలిడుటలో తప్పు లేదు. కండరము నొచ్చుట వేరు, నడుమునుండి కాలిలోనికి నొప్పియో తిమ్మిరియో దిగుట వేరు. రెండవది కనబడిన దినమున కడ్డీని విడిచి వైద్యుని చూడవలెను.

మా యింట బియ్యపు సంచి యిప్పుడు నేలమీద లేదు. మోకాలెత్తు పీట యొకటి చేయించి దానిపై నుంచినాము.