జాతి బుద్ధా? జబ్బా?

పదహారేళ్ల పిల్లాడు. మొన్నటిదాకా బడికి పోయేవాడు, సెలవుల్లో మిరప కోతకు పోయేవాడు. ఉన్నట్టుండి నిద్రపోవడం మానేశాడు, తనను ఎవరో చంపబోతున్నారన్నాడు, ఒకరోజు కత్తి ఎత్తాడు. అలాంటివాడు ఒకడున్నాడనుకుందాం. వాడు పెద్ద కులపోళ్ల ఇంట్లో పుడితే 'పాపం, మతి చెడింది' అని డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు. మన పల్లెలోనో, ఎరుకల గూడెంలోనో పుడితే 'ఆ జాతి బుద్ధే అంత' అంటారు. జీపు వస్తుంది.

ఈ 'జాతి బుద్ధి' అనే మాటను ఒకప్పుడు చట్టంగానే రాసిపెట్టారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. 1913లో బాపట్ల దగ్గర ఎరుకలవాళ్ల కోసం స్టువర్టుపురం సెటిల్మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. రైళ్లొచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసి, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసి అమ్ముకునే వాళ్ల బతుకుతెరువు పోయింది. ఆ సంగతి వదిలేసి నేరం రక్తంలో ఉందన్నారు. 1924 చట్టమైతే ఆరేళ్లు దాటిన పిల్లల్ని కూడా తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారమిచ్చింది. నేరం పుట్టుకలోనే ఉందని తేల్చాక, ఆ పిల్లాడి మనసులో ఏం జరుగుతోందని ఎవరడుగుతారు?

మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. మాట మాత్రం పోలేదు.

వైద్యం చెప్పేది వేరు. స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి జబ్బులు చాలామందిలో కౌమారం చివర్లోనో ఇరవైల్లోనో మొదలవుతాయి. మూర్ఛ, మెదడువాపు, తలకు దెబ్బ, గంజాయి, ఉమ్మెత్త కూడా ప్రవర్తనను తారుమారు చేయగలవు. మన పత్తి, మిరప చేలల్లో ఇంకో ప్రశ్న కూడా అడగాలి: మందు కొట్టాడా? ఆర్గానోఫాస్ఫేటు పురుగుమందు ఒంటికెక్కితే చెమటలు, వాంతులు, చొంగ కారడమే కాదు, గాభరా పుడుతుంది, మతి కూడా తప్పొచ్చు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మానసిక జబ్బున్నవాళ్లలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు. దెబ్బలు తినేది ఎక్కువగా వాళ్లే. కులం ముద్ర చెరిపి పిచ్చి ముద్ర వేయడం న్యాయం కాదు. పిల్లాణ్ణి పరీక్ష చేయించడమే న్యాయం.

చట్టంలో దారి ఉంది. తాను చేసే పని ఏమిటో గానీ, అది తప్పని గానీ తెలుసుకోలేని మతి చలించిన స్థితిలో చేసిన పని నేరం కాదని 1860 శిక్షాస్మృతి 84వ సెక్షన్ చెప్పింది. ఇప్పుడది న్యాయ సంహితలో 22వ సెక్షన్. కానీ రుజువు చేయాల్సింది నిందితుడే. ఘటనకు ముందు, తర్వాత అతని తీరు ఎలా ఉందో కోర్టు చూస్తుంది. భూతవైద్యుడి తాయెత్తుకు రసీదు ఉండదు. ప్రార్థన కూటానికి ఓపీ చీటీ ఉండదు. కూలి పోతుందని ఆస్పత్రికి పోని ఇంటికి చూపడానికి కాగితమే ఉండదు. పేదోడి జబ్బు కోర్టుకు కనపడకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

పదహారు నిండి పద్దెనిమిది దాటని పిల్లల మీద ఘోరమైన నేరారోపణ వస్తే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 15వ సెక్షన్ కింద బోర్డు వాళ్ల మానసిక, శారీరక సామర్థ్యాన్ని అంచనా వేయాలి. అందుకు సైకాలజిస్టుల సాయం తీసుకోవచ్చు. తీసుకోమని మనం అడగాలి, రాతపూర్వకంగా.

విద్యార్థి మిత్రులారా, పల్లెలో పిల్లాడి తీరు మారిందని తెలిస్తే నేరం దాకా ఆగొద్దు. 14416 టెలీమానస్‌కు ఫోన్ చేయండి. గుంటూరు పెద్దాసుపత్రి మానసిక విభాగానికి తోడు వెళ్లండి. ఓపీ చీటీ జాగ్రత్తగా దాచమని తల్లికి చెప్పండి. వందేళ్ల కింద మన పిల్లల పేర్లు పోలీసు రిజిస్టరులోకి ఎక్కాయి. ఇప్పుడు ముందుగా ఆస్పత్రి రిజిస్టరులోకి ఎక్కాలి.