జాకీల మీద లేచిన వంతెన

1947 మే 20. బర్మింగ్‌హామ్ శివార్లలోని కింగ్స్ నార్టన్. స్ట్రాట్‌ఫర్డ్ కాలువ మీద లిఫర్డ్ లేన్ వంతెన. రైల్వే గ్యాంగ్‌మెన్ దాని కింద జాకీలు సర్దుతున్నారు. గట్టు మీద జనం. ఇంత హడావిడీ ఒక్క పడవ కోసం. ఏడడుగుల వెడల్పు, దాదాపు డెబ్బై అడుగుల పొడవు, పేరు క్రెస్సీ. దాని యజమాని టామ్ రోల్ట్, వృత్తిరీత్యా ఇంజనీరు.

ఎనిమిదేళ్లు వెనక్కి వెళదాం. 1939 జూలైలో రోల్ట్, ఏంజెలా పెళ్లి చేసుకున్నారు. పిల్ల తండ్రికి సుతరామూ ఇష్టం లేదు. కొత్త జంట ఆ నెలాఖరుకల్లా బాన్‌బరీలో పడవెక్కి అందులోనే కాపురం పెట్టేసింది. స్నానాల తొట్టి సహా అన్నీ అమర్చుకున్నారు. ఇంజను పాత ఫోర్డ్ మోడల్ టి కారుది. గంటకు మూడు మైళ్లు పోతే గొప్ప. లాకు వచ్చిందంటే తలుపులు మూయాలి, షట్టర్లు ఎత్తాలి, నీరు మట్టానికి వచ్చేదాకా కూర్చోవాలి. గోదావరి కాలువల లాకులు చూసినవాళ్లకు వేరే చెప్పాలా! తొందరున్నవాడికి అది శిక్షే. పెళ్లయి నెల తిరగని వాళ్లకు తొందరేముంటుంది?

దారిలో గులాబీలు, కోటల బొమ్మలు వేసిన సరుకు పడవలు ఎదురయ్యేవి. చిన్న గదిలో కుటుంబం మొత్తం బతికేది. ఆ బతుకు ఎక్కువకాలం సాగదని రోల్ట్‌కు అర్థమైంది. చాలా కాలువల్ని రైల్వే కంపెనీలే కొనేశాయి మరి; పోటీదారు ఇంటికి ఎవరు సున్నం వేయిస్తారు? సెప్టెంబరు 3న యుద్ధం వచ్చిపడింది. ఆ ప్రయాణాన్ని ‘న్యారో బోట్’ అనే పుస్తకంగా రాస్తే అచ్చయ్యేసరికి 1944 అయింది. అది చదివి రాబర్ట్ ఐక్‌మన్ అనే పాఠకుడు రోల్ట్‌కు ఉత్తరం రాశాడు. 1946లో ఇద్దరూ మరికొందరితో కలిసి కాలువల రక్షణకు సంఘం పెట్టారు.

లిఫర్డ్ లేన్ దగ్గరే సంఘానికి ఆయుధం దొరికింది. దెబ్బతిన్న పాత వంతెన స్థానంలో పడవలు దూరలేనంత కిందికి ఇంకోటి వేశారు. కాలువ గ్రేట్ వెస్టర్న్ రైల్వేది. అయినా పడవలు తిరిగే హక్కు చట్టంలో చెక్కుచెదరలేదు. బ్రిటన్ పార్లమెంటు ప్రభువుల సభలో లార్డ్ మెథ్యూన్ నిలదీశాడు. ముందుగా నోటీసిస్తే వంతెన లేపుతామని జవాబొచ్చింది. అయితే మాకు లేపండని రోల్ట్ నోటీసిచ్చాడు!

జాకీలు తిరిగాయి. వంతెన లేచింది. పూడికలో అడుగు రాసుకుంటూ క్రెస్సీ అవతలికి చేరింది. మరికొందరూ ఇలాగే నోటీసులిచ్చారు. చివరికి 1950లో అక్కడ పక్కకు తిరిగే వంతెన కట్టారు.

ఆ మరుసటి ఏడే ఏంజెలా సర్కస్‌లో చేరడానికి వెళ్లిపోయింది. సంఘం రోల్ట్‌ను బహిష్కరించింది. అతను వేల్స్ వెళ్లి, మూతపడబోతున్న టాలిలిన్ అనే చిన్న రైలుమార్గాన్ని నడిపే పని నెత్తికెత్తుకున్నాడు.