అగో... ఇగో... : అక్క చంకలో నేర్చిన మాటలు

నాకు మాటలు నేర్పింది మా అమ్మ కాదు, మా అక్క. వరంగల్ పక్కన పల్లె మాది. అమ్మ పొద్దు పొడవక ముందే మిరపతోటల్లో కూలికి పోయేది. ఎనిమిదేళ్ళ అక్క నన్ను చంకనేసుకుని వాడంతా తిరిగేదట. "అగో కాకి", "ఇగో బువ్వ", "అగో, అమ్మ వస్తుంది సూడు" అని చూపిస్తూ ఉండేదట. నేను మొదట పలికిన మాట 'అమ్మ' కాదనీ, 'అగో' అనీ అమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ నవ్వుతూ చెప్పేది. నేను పుట్టిన ఏడే అక్క బడి మానేసింది. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందని తెలుసుకోవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

పిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారన్నది పైకి కనిపించేంత తేలికైన ప్రశ్న కాదు. "అగో కాకి" అన్నప్పుడు పిల్ల ముందు కాకి ఒక్కటే లేదు. గోడ ఉంది, గోడ మీది ఎండ ఉంది, ఎగిరే రెక్క ఉంది, కాకి అరుపు ఉంది. వీటిలో 'కాకి' ఏది? చెప్పేవాళ్ళు ఎటు చూస్తున్నారో అటు చూడటం ద్వారా పిల్ల ఆ చిక్కు విప్పుకుంటుంది. పసిపిల్లలు పెద్దల చూపు వెంట తమ చూపు తిప్పుతారని స్కైఫ్, బ్రూనర్ 1975లో ఒక చిన్న పరిశోధనా వ్యాసంలో చూపించారు. 1990ల మొదట్లో డేర్ బాల్డ్విన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఏడాదిన్నర పిల్ల ఒక బొమ్మతో ఆడుకుంటూ ఉంటుంది. పక్కనున్న పెద్దామె తన చేతిలోని డబ్బాలోకి చూస్తూ ఒక కొత్త పేరు పలుకుతుంది. పిల్ల ఆ పేరును తన చేతిలోని బొమ్మకు తగిలించదు. తలెత్తి ఆమె ఎటు చూస్తోందో చూస్తుంది, డబ్బాలోని వస్తువుకే ఆ పేరు పెట్టుకుంటుంది. అంటే మాటకంటే ముందు పిల్ల చదివేది మనిషిని.

మన భాషకు ఈ సంగతి ముందే తెలుసేమో అనిపిస్తుంది. కంటి చూపూ 'చూపే', ఇదిగో అని చూపించడమూ 'చూపడమే'. ఆ పని చేసే వేలు చూపుడువేలు. ఇక మన తెలంగాణ 'అగో', 'ఇగో'లకు ఒక వస్తువంటూ అర్థం లేదు. 'నాతో కలిసి అటు చూడు' అనడమే వాటి అర్థం. చందమామను చూపిస్తూ బువ్వ తినిపించే ప్రతి ఆడమనిషీ రోజూ చేసే పని ఇదే.

మరి ఈ పని చరిత్రలోకి ఎవరి పేరుతో ఎక్కింది? తన మొదటి కొడుకు పసితనంలో రాసుకున్న గమనికలను డార్విన్ దాదాపు నలభై ఏళ్ళ తర్వాత, 1877లో అచ్చువేశాడు. పిల్లల భాష మీద తొలి రచనల్లో దాన్ని ఇప్పటికీ లెక్కిస్తారు. జర్మనీలో క్లారా స్టెర్న్ 1900 నుంచి పద్దెనిమిదేళ్ళ పాటు తన ముగ్గురు పిల్లల మాటలను డైరీల్లో రాసింది. పిల్లల భాష మీద 1907లో వచ్చిన పుస్తకం మీద ఆమె పేరు, భర్త విలియం పేరు రెండూ ఉన్నాయి. ప్రొఫెసర్‌గా, మనోవైజ్ఞానికుడిగా లోకం ఎరిగింది మాత్రం విలియంనే. కనీసం క్లారాకు కాగితం, కలం, అట్ట మీద పేరు దక్కాయి. మా అక్కకు అవేవీ లేవు.

ఘనత ఇవ్వాల్సి వచ్చినప్పుడు కనిపించని ఆడవాళ్ళు, తప్పు పట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం బాగా కనిపిస్తారు. అమెరికాలో 42 కుటుంబాలను గమనించిన హార్ట్, రిస్లీ 1995లో పేద ఇళ్ళ పిల్లలు నాలుగేళ్ళు వచ్చేసరికి మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని లెక్కగట్టారు. ఆ లెక్క లోకమంతా తిరిగింది. పేద తల్లులకు మాట్లాడటం నేర్పాలన్న పథకాలు పుట్టుకొచ్చాయి. 2019లో స్పెర్రీ, ఆయన సహచరులు ఇంట్లో ఉన్న అందరి మాటలనూ, పిల్ల చెవిన పడే ఇతరుల కబుర్లనూ కలిపి చూస్తే ఆ తేడా అలా నిలబడలేదు. అంతకు చాలా ముందే, 1984లో, ఎలినార్ ఓక్స్, బాంబీ షిఫెలిన్ ఇద్దరూ కలిసి, తల్లీబిడ్డా ఎదురెదురుగా కూర్చుని ముద్దుమాటలాడుకోవడం ప్రపంచమంతటా ఉన్న రివాజు కాదని రాశారు. పాపువా న్యూగినీలో కలూలీ తల్లులు బిడ్డను బయటి లోకానికి ముఖం తిప్పి ఎత్తుకుంటారు. సమోవాలో పిల్లలను సాకే పనిలో పెద్దపిల్లలకూ వాటా ఉంటుంది. మా అక్క చంక నాకు గుర్తొచ్చింది ఇది చదివినప్పుడే.

'మాతృభాష' అన్న మాటను మన చరిత్రలో ఎలా వాడుకున్నామో చూడండి. నిజాం రాజ్యంలో 1880ల్లో పారశీకం పోయి ఉర్దూ పాలనాభాష అయింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. తెలుగు కోసం 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది. 1921లో హైదరాబాద్‌లో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచి ఆంధ్రజన సంఘం పుట్టింది. 1928లో మాడపాటి హనుమంతరావు వంటి వారి పూనికతో హైదరాబాద్‌లో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో బడి వచ్చింది. ఆ చదువుకు ఉస్మానియా గుర్తింపు లేకపోవడంతో వాళ్ళు కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాయాల్సి వచ్చింది. తల్లి పేరు పెట్టుకున్న భాషలో చదవాలంటే తల్లులు కాబోయే పిల్లలకే దారి అంత చుట్టు అయింది!

అసలు ఆ భాష తల్లి రక్తంతో వచ్చేదేనా? కాళోజీ తల్లి కన్నడిగ, తండ్రి మహారాష్ట్రుడు. ఆయన మాత్రం మడికొండ మనుషుల నుడిని తన కవిత్వానికి భాష చేసుకున్నాడు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. భాష వాడలో, మనుషుల మధ్య దొరుకుతుందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మన జిల్లాల్లో లంబాడా తండా పిల్ల, కోయగూడెం పిల్ల తెలుగు బడిలో అడుగు పెడతారు. 'యాడి' అని అమ్మను, 'పాణి' అని నీళ్ళను పిలిచే పిల్ల అక్కడ 'వెనకబడిన' పిల్ల అవుతుంది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, బంజారా సహా ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. అది పిల్లలందరికీ చేరిందని ఎవరూ అనలేరు. మాటకంటే ముందు మనిషిని చదవడం నేర్చిన పిల్ల, పంతులు చూపునూ చదువుతుంది. తన మాట విని ఆయన నొసలు ముడివేస్తే దాని అర్థం ఏ నిఘంటువూ చెప్పనక్కర్లేదు. పెద్దల సభలో గేలి నుంచి ఒక ఉద్యమం పుట్టింది. తరగతి గదిలో గేలి నుంచి పుట్టేది మౌనం. ఆడపిల్లకైతే ఇంటి దగ్గర కూడా ఆ మౌనాన్నే మంచి గుణమని మెచ్చుకుంటారు.

నన్నూ పట్నం బడిలో 'గట్ల', 'అగో' అన్నందుకు నవ్వారు. 'అదిగో' అనడం నేర్చుకున్నాను. చదువుకున్నాను. ఇంటికొచ్చి అక్క మాటను సరిదిద్దాను కూడా. నాకు మాటిచ్చిన మనిషి మాటనే తప్పన్నాను. అప్పుడు అక్క నా ముఖంలోకి చూసి ఊరుకుంది. ఆ చూపును చదవడం నాకు అప్పుడు చేతకాలేదు.

కూలిపని దగ్గర పసిపిల్లలను చూసుకునే ఏర్పాటు ఒకటుంటే అక్క నాలుగో తరగతి దాటేది. అంగన్‌వాడీలు 1975లో మొదలయ్యాయి. కానీ పొద్దు పొడవక ముందే పోయి పొద్దుగూకాక వచ్చే తల్లి వేళలకు అవి ఇప్పటికీ సరిపోవు. తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ సాకడానికి బడి మానిన ఆడపిల్లలను 'డ్రాపౌట్లు' అంటున్నాం. ఒక తరానికి మాటలు నేర్పిన పంతులమ్మలు వాళ్ళు. ఆ పని లెక్కకు రావాలి, ఆ పని వాళ్ళ చదువును మింగకుండానూ ఉండాలి. ఈ రెండూ కలిపి అడగాల్సిన డిమాండ్లే.

మొన్న హనుమకొండలో అక్క తన మనవరాలిని ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడింది. "అగో, పిట్ట" అంది. పిల్ల ముందు అక్క కళ్ళలోకి చూసింది, తర్వాత పిట్టను చూసింది.

"నువ్వు మొదలు పలికిన మాటేందక్కా?" అని అడిగాను.

అక్క చాలాసేపు ఆలోచించింది. "ఎవలు యాదిల పెట్టుకున్నరే!" అంది.