గాంధీ మహాత్ముని అపక్వాహార ప్రయోగము



దేహములోని మలినము పోవలెనని కొన్ని పదార్థములను విడిచి నియమముగా భుజించుట మనకు క్రొత్తగాదు. లంఘనము పరమౌషధమను మాట చదువురాని వారి నోటను గూడ వినబడుచుండును. అయితే చరకసంహితలో లంఘనము పది విధములుగా చెప్పబడినది. వమన విరేచనాదులు నాలుగు. దప్పి నోర్చుట, గాలి, ఎండ, పాచనము, వ్యాయామము, ఉపవాసము తక్కిన ఆఱు. లంఘన మెవరికి తగునో, మితిమీఱినచో ఏ కీడు కలుగునో కూడ అచ్చటనే కలదు. శోధనమైన పిదప రోగికి పలుచని గంజితో మొదలుపెట్టి, క్రమముగా మామూలు భోజనమునకు తెచ్చు పద్ధతియు విధింపబడినది. మన సామెత లంఘనమును నిలుపుకొన్నది కాని ఈ కట్టుబాటులను జారవిడిచినది. వాని విలువ యెట్టిదో తెలుపు ఒక చరిత్రాంశమును, అందును మన గోదావరీతీరమున మొదలైన దానిని, నేడు విన్నవించెదను.

పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీ దేశపు లైప్జిగ్ నగరములో లూయీ కూనే యను ప్రకృతివైద్యు డుండెను. దేహమున నిలువయైన మలినపదార్థమే సర్వరోగములకు మూలమని ఆయన సిద్ధాంతము. కటిస్నానము, ఆవిరిస్నానము, సాత్త్వికాహారము ఆయన చికిత్సలు. ఆయన గ్రంథమును ద్రోణంరాజు వేంకటాచలపతిశర్మగారు 1894లో తెలుగు చేసిరి. కూనే బోధలు గాంధీగారిని దక్షిణాఫ్రికాలో గట్టిగా ఆకర్షించెను. ఆహార పరీక్షలు వారికి అంతకుముందే అలవాటు. 1893లో ప్రిటోరియాలో వండని పదార్థములతో కొన్ని దినములు గడిపి, సరిపడక మానిరి. 1912లో పాలు విడిచిరి. 1918లో జిగట విరేచనములతో మంచము పట్టిన పిదప, ప్రాణరక్షణకై మేకపాలు త్రాగుట కొప్పుకొనిరి. ఆ పాలను మఱల విడువవలెనను కోరిక మాత్రము వారిని విడువలేదు.

1929 ఏప్రిలు, మే మాసములలో వారు ఖద్దరు నిధికై ఆంధ్రదేశమున పర్యటించిరి. ఆ సందర్భమున రాజమహేంద్రవరవాసి సుందరం గోపాలరావుగారు వారిని కలిసికొనిరి. గోపాలరావుగారు జలచికిత్సకులు. కటిస్నానములు మంచివే కాని, అగ్ని సోకని ఆహారమే నిజమైన ఔషధమనియు, మొలకెత్తిన గింజలతో దీర్ఘకాలపు అజీర్ణము గల వృద్ధులను బాగుచేసితిననియు ఆయన చెప్పిరి. గాంధీగారు ఆ మాటను మనసున నుంచుకొని మే 9వ తేదీన ప్రయోగ మారంభించిరి.

ఆ భోజనమును తూకముతో సహా వారు జూన్ మాసమున యంగ్ ఇండియా పత్రికలో ప్రకటించిరి. దినమునకు మొలకెత్తిన గోధుమలు 8 తులములు, బాదముపప్పు ముద్ద 8 తులములు, నూఱిన పచ్చి ఆకుకూర 8 తులములు, నిమ్మకాయలు 6, తేనె 2 ఔన్సులు. వారమున రెండు మూడు దినములు గోధుమలకు బదులు శనగలు, బాదమునకు బదులు కొబ్బరిపాలు. గింజలను ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టి, నీరు వంచి, తడిపిన ఖద్దరు గుడ్డలో ఉంచినచో మొలక వచ్చును. నిప్పు తగిలినది వేడినీ రొక్కటే. ఇది నెగ్గినచో స్త్రీలకు పొయ్యి యొద్ద చాకిరి తప్పునని వారి యాశ. అయినను పూర్తి విజయము పొందితినని తాము చెప్పలేదనియు, ఎవ్వరును గ్రుడ్డిగా అనుకరింపరాదనియు అందే వ్రాసిరి. సబర్మతి ఆశ్రమవాసులు కొందఱు కూడ ఈ నియమమున చేరిరి.

మూడు మాసములు గడిచెను. దేహము బలహీనమయ్యెను, ఆగస్టులో జిగట విరేచనములు మఱల పట్టెను. గాంధీగారు ప్రయోగమును ఆపి మేకపాలకు మరలిరి. ఆ సంగతిని దాచక ప్రకటించిరి.

ఈ కథలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచున దీ యాపుటయే. లోకమంతయు చూచుచుండగా మొదలుపెట్టిన నియమమును, దేహము వలదన్నప్పుడు మానుకొనుటకు ఉపవాసమునకంటె ఎక్కువ నిగ్రహము కావలెను. తూచుట, వ్రాసికొనుట, ఆపుట: ఈ మూడును ఉన్నందుననే అది ప్రయోగమైనది, లేనిచో ఉత్త పట్టుదలయే. చరకుని విధియు ఇదియే గదా! ఎవరికి, ఎంతవఱకు, ఎట్లు మరలవలెనని ఆతడును అడిగెను.

నేటి శాస్త్రము మఱికొంత తెలిపినది. రక్తములోని వ్యర్థములను తీసివేయు పని కాలేయము, మూత్రపిండములు అహర్నిశము చేయుచునే యున్నవి. రసములు మాత్రమే త్రాగి నెల గడిపినందున ఆ పని మఱింత బాగుగా జరుగునని ఋజువు లేదు. వంటయందు రోగక్రిములు చచ్చును, పప్పుధాన్యములు సులభముగా జీర్ణమగును. పాలు మొదలగు జంతుసంబంధమైన ఆహారమునుండి లభించు బి12 విటమినును వేఱుచేసినది 1948లో. 1929లో ఆ సంగతి యెవ్వరికిని తెలియదు. ఏ పదార్థము సరిపడుట లేదో కనుగొనుటకు వైద్యులు నేడును కొన్నిటిని కొలదివారములు మానిపింతురు. పిదప ఒక్కొక్కదానినే తిరిగి తినిపించి చూతురు. మానుట అందు సగమే. తిరిగి చేర్చుటతోనే అసలు సంగతి బయటపడును.

పల్లెలలో పెద్దలు కొందఱు ఇరుగుపొరుగు మాట విని, మధుమేహపు మాత్రలు మ్రింగుచునే అన్నము మానుచున్నారు. మఱికొందఱు అన్నముతోబాటు మాత్రలను గూడ మానుచున్నారు. మొదటివారికి రక్తములోని చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును, రెండవవారికి మితిమీఱి పెరుగవచ్చును, రెండును ప్రాణాపాయములే. కావున లంఘనము చేయదలచినవారు ముందుగా వైద్యునితో మాటలాడుడు; ఎన్ని దినములో ముందే నిర్ణయించుకొనుడు; నీరసమో, కన్నులకు చీకట్లో వచ్చినచో వెంటనే ఆపుడు. మహాత్ముడే ఆపగా మన మాపుటలో చిన్నతన మేమున్నది?