అమెరికన్ ఆల్టర్నేటివ్ రాక్ బృందాలు: సభ్యులు, వాటాలు, చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ‘ఆల్టర్నేటివ్ రాక్’ అనే పేరు వెనక ఉన్న ఆర్థిక పరిస్థితులను వివరించగలుగుతారు.
• మూడు ముఖ్యమైన బృందాల నిర్మాణాన్ని పోల్చగలుగుతారు.
• సభ్యుల మధ్య ఏర్పాట్లు బృందం ఆయుష్షును ఎంతవరకు నిర్ణయిస్తాయో చర్చించగలుగుతారు.

1. పరిచయం

‘ఆల్టర్నేటివ్’ అంటే ప్రత్యామ్నాయం. దేనికి ప్రత్యామ్నాయం? 1980 ప్రాంతంలో అమెరికాలో రాక్ సంగీతం చాలావరకు పెద్ద రికార్డు కంపెనీలు, వాణిజ్య రేడియోల అదుపులో ఉండేది. అక్కడ చోటు దొరకని యువ బృందాలు వేరే దారి వెతుక్కొన్నాయి. చిన్న స్వతంత్ర కంపెనీలు వాళ్ల రికార్డులు విడుదల చేశాయి. విద్యార్థులు నడిపే కాలేజీ రేడియోలు వాటిని వినిపించాయి. బృందాలు వ్యాన్లలో ఊరూరా తిరిగి చిన్న క్లబ్బుల్లో వాయించాయి. కాబట్టి ఈ పేరు మొదట్లో ఒక బాణీ కంటే ఎక్కువగా, సంగీతం శ్రోతను చేరిన మార్గాన్ని సూచించింది.

ఇలాంటి బృందానికి జీతాలిచ్చే యజమాని ఉండడు. ముగ్గురు నలుగురు స్నేహితులే పాటలు కట్టాలి, ఖర్చులు భరించాలి, వచ్చింది పంచుకోవాలి. పేరూ డబ్బూ వచ్చాక ఈ ఏర్పాటు ఏమైందన్నదే ఇక్కడ మన ప్రశ్న.

2. ఆర్.ఇ.ఎం.: నలుగురికీ సమాన వాటా

జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ ఒక విశ్వవిద్యాలయ పట్టణం. అక్కడి రికార్డుల దుకాణంలో పనిచేసే పీటర్ బక్‌కు, ఆ దుకాణానికి వచ్చే విద్యార్థి మైకేల్ స్టైప్‌తో స్నేహం కుదిరింది. హైస్కూలు రోజుల నుంచి కలిసి వాయిస్తున్న మైక్ మిల్స్, బిల్ బెరీ వాళ్లకు తోడయ్యారు. 1980 ఏప్రిల్ 5న ఒక పాత చర్చి భవనంలో, ఒక పుట్టినరోజు వేడుకలో, ఈ నలుగురూ తొలిసారి వాయించారు. స్టైప్ గాయకుడు. బక్ గిటార్, మిల్స్ బేస్ గిటార్, బెరీ డ్రమ్స్ వాయించేవారు.

తొలి రికార్డు 1981లో ఒక చిన్న కంపెనీ ద్వారా వచ్చింది. 1983లో ‘మర్మర్’ ఆల్బమ్ విమర్శకుల మన్ననలు పొందింది. 1988లో బృందం వార్నర్ బ్రదర్స్ అనే పెద్ద కంపెనీలో చేరింది. 1991లో ‘ఔట్ ఆఫ్ టైమ్’ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది.

పాటకు బీజం ఎవరిదైనా, రచయితలుగా నలుగురి పేర్లూ వేసుకోవడం, రచన మీద వచ్చే రాబడిని సమానంగా పంచుకోవడం వీళ్ల నియమం. 1995లో స్విట్జర్లాండ్‌లో వేదిక మీదే బెరీకి మెదడులో రక్తనాళ సమస్య తలెత్తింది. కోలుకొన్నా, 1997లో ఆయన బృందం నుంచి తప్పుకొన్నారు. మిగిలిన ముగ్గురూ 2011 వరకు కొనసాగి, ఆ ఏడాది విరమణ ప్రకటించారు.

3. హస్కర్ డూ: ఇద్దరు రచయితలు

ఈ బృందం 1979లో మిన్నెసోటాలో ఏర్పడింది. బాబ్ మౌల్డ్ గిటార్, గ్రాంట్ హార్ట్ డ్రమ్స్, గ్రెగ్ నార్టన్ బేస్ గిటార్ వాయించేవారు. మౌల్డ్, హార్ట్ ఎవరి పాటలు వారు రాసుకొని పాడుకొనేవారు. ఈ పోటీ తొలినాళ్లలో బృందానికి బలమైంది. 1984 నాటి ‘జెన్ ఆర్కేడ్’ దానికి నిదర్శనం. 1986లో వీళ్ల ఆల్బమ్‌ను వార్నర్ విడుదల చేసింది. అంటే, ఆర్.ఇ.ఎం. కంటే ముందే ఈ బృందం ఆ కంపెనీకి చేరింది. కాని అదే పోటీ తరవాత వైరంగా మారింది. మేనేజరు మరణం, హార్ట్ మాదకద్రవ్యాల వ్యసనం పరిస్థితిని మరింత దిగజార్చాయి. ఆర్.ఇ.ఎం. వార్నర్‌లో చేరిన 1988 ఆరంభంలోనే హస్కర్ డూ విడిపోయింది.

4. నిర్వాణ: ప్రధాన రచయిత ఒక్కరే

వాషింగ్టన్ రాష్ట్రంలోని అబర్డీన్‌లో 1987లో కర్ట్ కోబేన్, క్రిస్ట్ నోవోసెలిక్ ఈ బృందాన్ని ప్రారంభించారు. స్వతంత్ర కంపెనీ సబ్ పాప్ 1989లో విడుదల చేసిన ‘బ్లీచ్’ ఆల్బమ్ రికార్డింగుకు సుమారు 600 డాలర్లే ఖర్చయింది. పలువురు డ్రమ్మర్లు మారాక, 1990లో డేవ్ గ్రోల్ చేరారు. 1991 సెప్టెంబరులో వచ్చిన ‘నెవర్‌మైండ్’, 1992 జనవరిలో మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ను దాటి బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానం పొందింది. ఆ తరవాత, పాటలు ఎక్కువగా రాసింది తానేనంటూ కోబేన్ రాయల్టీ వాటాలను తనకు అనుకూలంగా మార్పించారు. ఇది సభ్యుల మధ్య అసంతృప్తికి దారితీసింది. 1994 ఏప్రిల్‌లో కోబేన్ ఆత్మహత్యతో బృందం ముగిసింది.

5. పరిశీలన

సమాన వాటా ఉంటే బృందం నిలుస్తుంది, లేకపోతే కూలుతుంది అని వెంటనే తీర్మానించకూడదు. మూడు ఉదాహరణలు సూత్రానికి చాలవు. అనారోగ్యం, వ్యసనం, అనుకోని కీర్తి కూడా ఇక్కడ పనిచేశాయి. కోబేన్ వాదనలోనూ న్యాయం లేకపోలేదు: రాసినవారికి రాసినంత ఫలం దక్కాలి కదా! అయితే డ్రమ్స్ దెబ్బ, బేస్ నడక లేకుండా ఆ పాట శ్రోత విన్న రూపంలో ఉండేది కాదు. ‘రచన’ అంటే ఏమిటన్నదే అసలు వివాదం. ఆర్.ఇ.ఎం. సభ్యులు దానికి ముందే ఒక సమాధానం చెప్పుకొన్నారు. డబ్బు వచ్చాక చెప్పుకోవడం కంటే, అది లేనప్పుడే చెప్పుకోవడం సులువు.

సారాంశం

ఆల్టర్నేటివ్ రాక్ స్వతంత్ర కంపెనీలు, కాలేజీ రేడియోల ఆధారంగా ఎదిగి, 1991 తరవాత ప్రధాన స్రవంతిలో కలిసింది. సభ్యుల పేర్ల జాబితా మాత్రమే బృందం చరిత్ర కాదు. ఎవరు రాశారు, ఎవరు నిర్ణయించారు, ఎవరికి ఎంత దక్కింది అన్నవీ అందులో భాగమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘ఆల్టర్నేటివ్’ అనే పేరు దేనికి ప్రత్యామ్నాయాన్ని సూచించింది?
2. ఆర్.ఇ.ఎం., హస్కర్ డూ బృందాల్లో పాటల రచన ఏర్పాటును పోల్చండి.
3. రాయల్టీని సమానంగా పంచడం అన్ని బృందాల్లోనూ న్యాయమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.