అళియ రామరాయలు: దక్కను రాజబంధుత్వాలు

16వ శతాబ్దపు దక్కనులో యుద్ధాలు చాలావరకు చుట్టరికాల మీద, పాత పరిచయాల మీద నడిచాయి. ఇందుకు అళియ రామరాయలి జీవితమే ప్రధాన సాక్ష్యం. శ్రీకృష్ణదేవరాయల అల్లుడైన ఈ ఆరవీటి వంశీయుడు మొదట గోల్కొండ సుల్తాను కొలువులో పనిచేశాడు. 1543 నాటికి విజయనగర అధికారం అతని చేతికి వచ్చింది. సింహాసనం సదాశివరాయలిది, పెత్తనం రామరాయలిది. తమ్ములు తిరుమల, వెంకటాద్రి సేనలను నడిపారు.

సుల్తానులతోనూ అతనివి ఇంటి సంబంధాలే. గోల్కొండకు చెందిన ఇబ్రహీం కుతుబ్ షా రాజు కాకముందు సుమారు ఏడేళ్లు విజయనగరంలో ఆశ్రయం పొందాడు. తెలుగు కవులు ఆదరంగా మల్కిభరాముడని పిలిచింది ఇతన్నే. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న రామరాయలను పరామర్శించడానికి బీజాపూరు అలీ ఆదిల్ షా స్వయంగా వచ్చాడు, పుత్రసమానుడయ్యాడు. ఆ స్నేహంతోనే ఇద్దరూ కలిసి అహమ్మద్‌నగరుపై దండెత్తారు.

అయితే రామరాయలు మిత్రుల కోటలనూ అడగసాగాడు. అప్పుడు సుల్తానులు తమలో తాము వియ్యమందుకున్నారు. అహమ్మద్‌నగరు సుల్తాను హుసేన్ నిజాం షా తన కుమార్తె చాంద్ బీబీని అలీకి ఇచ్చి, షోలాపూరు కోటను కట్నంగా అప్పగించాడు. మరో కూతురు ఇబ్రహీంకు భార్య అయింది. అలీ చెల్లెలు నిజాంషాహీ కోడలైంది. ఏళ్ల తరబడి షోలాపూరు కోసం సాగిన పోరు పెళ్లిపందిట్లో తీరింది.

1565 జనవరిలో ఈ సుల్తానుల కూటమితో జరిగిన తళ్లికోట యుద్ధంలో రామరాయలు హతుడయ్యాడు. ఓటమికి మతవైరమొక్కటే కారణమనే వాదన ఈ బంధుత్వాల ముందు నిలవదు. తిరుమల రాయలు సదాశివరాయలను వెంటబెట్టుకుని పెనుకొండ చేరి, కొన్నేళ్లకు ఆరవీటి వంశపాలన స్థాపించాడు.