పనిలేని కుంగ్‌ఫూకి బంతి దొరికింది

బ్రూస్ లీ 1973 జూలైలో పోయాక, హాంకాంగ్ నిర్మాతలు కొన్నేళ్లపాటు ఆయన నకళ్ల వేటలో పడ్డారు. అదే కేక, అదే చూపు, ఇంచుమించు అదే పేరు! ఆ వరస మారడానికి 1978లో యూన్ వూ-పింగ్ తీసిన ‘డ్రంకెన్ మాస్టర్’ పెద్ద కారణం. అంతకుముందు క్వాన్ తక్-హింగ్ పదుల కొద్దీ సినిమాల్లో నిండైన పెద్దమనిషిగా చూపించిన వాంగ్ ఫే-హుంగ్ అనే కుంగ్‌ఫూ వీరుణ్ణి, జాకీ చాన్ మాట వినని ఆకతాయిగా మార్చేశాడు. దెబ్బ కొట్టడంలోనే కాదు, తినడంలోనూ నవ్వుందని అందరికీ తెలిసొచ్చింది.

ఆ తర్వాత కుంగ్‌ఫూ ఆటల్లోకీ దిగింది. 1982లో ‘డ్రాగన్ లార్డ్’లో జాకీ చాన్ జట్టు ఈకల బిళ్లను కాళ్లతో తన్నుతూ పోటీ ఆడింది. మరుసటి ఏడాది యూన్ బియావో ‘ద చాంపియన్స్’లో ఫుట్‌బాల్ ఆడాడు. రెండింటిలోనూ అబ్బురమంతా ఒంటి విరుపులోదే.

స్టీఫెన్ చౌ దారి వేరు. టీవీలో పిల్లల కార్యక్రమం నడిపి సినిమాల్లోకొచ్చి, 1990లలో తలాతోకా లేని హాస్యానికి మారుపేరయ్యాడు. 2001 జూలైలో వచ్చిన ‘షావోలిన్ సాకర్’లో ఆ హాస్యానికి ఆకలి తోడైంది. ఇందులో షావోలిన్ వీరులంతా బతకలేక బతుకుతున్నవాళ్లే. హీరో (చౌ) చెత్త ఏరుకుంటాడు. ఇనుప తల ఉన్న పెద్దన్న నైట్ క్లబ్‌లో యజమాని చేత నెత్తిన సీసాలు పగలగొట్టించుకుంటాడు. తాయ్‌చీతో పిండి పిసికి ఆవిరి రొట్టెలు చేసే అమ్మాయి (జావో వెయ్) హీరో చిరిగిన బూట్లు కుట్టిపెడుతుంది.

వీళ్లంతా కలిసి ఫుట్‌బాల్ జట్టు కడతారు. సినిమాకి ప్రాణం ఆఖరి మ్యాచ్ కాదు, మొదటి ప్రాక్టీసు మ్యాచ్ అంటాను. ఎదుటి జట్టు సుత్తులూ రెంచీలతో దిగుతుంది. మైదానం యుద్ధభూమి అవుతుంది. పెద్దన్న లొంగిపోయి, వాళ్లిచ్చిన డ్రాయరు నెత్తిన పెట్టుకుంటాడు. అంత అవమానం జరిగాకే వాళ్లు మరిచిన విద్య తిరిగొస్తుంది. అక్కణ్ణుంచి బంతి నిప్పులు కక్కుతుంది. చింగ్ సియు-తుంగ్ ఫైట్లకి కంప్యూటర్ గ్రాఫిక్స్ జతపడ్డాయి. అవి ఇప్పుడు చూస్తే నాటుగానే ఉన్నాయి. కానీ జపాన్ ‘కెప్టెన్ సుబాసా’ కామిక్స్ చదివినవాళ్లకి ఆ అతి కొత్త కాదు.

సినిమా హాంకాంగ్‌లో 6 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటి, స్థానిక సినిమాల్లో అప్పటి రికార్డు కొట్టింది. 2002 హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం సహా 7 దక్కాయి. అమెరికా హక్కులు కొన్న మిరామాక్స్ మాత్రం 2004 దాకా నాన్చి, బాగా కత్తిరించి వదిలింది. ఈలోగా 2002 ప్రపంచ కప్‌కి తొలిసారి వెళ్లిన అసలు చైనా జట్టు ఒక్క గోలూ కొట్టకుండానే ఇంటికొచ్చింది.

2008లో దీనికి వారసులుగా రెండు సినిమాలొచ్చాయి. జే చౌ ‘కుంగ్‌ఫూ డంక్’లో బాస్కెట్‌బాల్ ఆడాడు. జపాన్ ‘షావోలిన్ గర్ల్’లో లాక్రోస్ ఆడారు. ‘షావోలిన్ సాకర్’ జట్టులోని ఇద్దరు నటులు కూడా అందులో కనిపిస్తారు. గ్రాఫిక్స్‌కి లోటులేదు గానీ, ఆ డ్రాయరు సీనుకి సాటొచ్చేది రెండింటిలో ఒక్కటీ లేదు.